బంగ్లాదేశ్ బావినీటి కొలతలు: ఒక విమర్శ

వెయ్యి లీటర్ల నీరు పట్టు తొట్టిలో పది మిల్లీగ్రాముల ఆర్సెనిక్ కరగియున్నచో ఆ నీటి రంగు మారదు, రుచి మారదు, వాసన పుట్టదు. పది మిల్లీగ్రాములనగా ఒక బియ్యపు గింజ బరువున ఇంచుమించు సగము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1993లో త్రాగునీటికి సూచించిన హద్దు ఇదియే: లీటరుకు 10 మైక్రోగ్రాములు, అనగా పదికోట్ల పాళ్ల నీటికి ఒక పాలు. ఇంత స్వల్పమైన పదార్థమును కొలిచి, ఈ బావినీరు త్రాగవచ్చును, ఆ బావినీరు త్రాగరాదు అని తీర్పు చెప్పవలసి వచ్చినపుడు, ఆ కొలతను ఎంతవరకు నమ్మవచ్చును? ఉపాధ్యాయులును విద్యార్థులును ఈ ప్రశ్నను గూర్చి ఆలోచించుటకు మిక్కిలి తగిన గ్రంథమొకటి కలదు. బ్రిటిష్ జియొలాజికల్ సర్వేయును, బంగ్లాదేశ్ ప్రజారోగ్య ఇంజనీరింగు శాఖయు కలిసి 2001లో ప్రకటించిన నాలుగు సంపుటముల నివేదిక అది. బంగ్లాదేశపు భూగర్భజలములలోని ఆర్సెనిక్ దాని విషయము. కినిబర, స్మెడ్లీ అను శాస్త్రజ్ఞులు దానికి సంపాదకులు. దాని గుణదోషములను విచారించుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

ముందుగా ఒక మాట. ఆర్సెనిక్ లోహములకును అలోహములకును నడుమ నిలుచు మూలకము. మన వైద్యులు సంఖపాషాణమని పిలుచు తెల్లని విషము దీని ఆక్సైడే. అయినను నీటి పరీక్షలలో దీనిని ఇనుము, మాంగనీసు, సీసము, కాడ్మియము మొదలగువానితో చేర్చి సూక్ష్మలోహముల వరుసలోనే చెప్పుట వాడుక. పైగా బావినీటిలో దీని చరిత్ర ఇనుము చరిత్రతో పెనవేసికొని యున్నది. అందువలన ఒకదానిని విడిచి రెండవదానిని కొలుచుట వలన ప్రయోజనము సగమే.

వెదకనిది కనబడదు

బంగ్లాదేశములో గ్రామీణులు పూర్వము చెరువులనుండియు కాలువలనుండియు నీరు త్రాగెడివారు. కలరా, అతిసారము మొదలగు వ్యాధులు ఆ నీటి వలన వ్యాపించుచుండెను. వీనిని అరికట్టుటకై 1970ల నుండి ప్రభుత్వమును ఐక్యరాజ్యసమితి బాలనిధియు గొట్టపుబావులను ప్రోత్సహించినవి. ఒండ్రునేల గనుక కొలది మీటర్ల లోతుననే నీరు దొరకెను, ఖర్చు స్వల్పము. ప్రజలే సొంత డబ్బుతో లక్షలకొలది బావులు వేసికొనిరి. సూక్ష్మజీవుల దృష్ట్యా ఆ నీరు చెరువు నీటికంటె ఎంతో మేలైనదే. కాని దానిలో ఆర్సెనిక్ ఉండునేమో అని ఆనాడు ఎవరును పరీక్షింపలేదు.

పొరుగున నున్న పశ్చిమవంగములో 1980ల ఆరంభముననే ఆర్సెనిక్ వలన చర్మవ్యాధులకు లోనైన రోగులను వైద్యులు గుర్తించిరి. కలకత్తాలోని జాదవపూరు విశ్వవిద్యాలయమున దీపాంకర్ చక్రవర్తి బృందము ఈ విషయమును ఎడతెగక ప్రకటించుచు వచ్చినది. బంగ్లాదేశములో 1993లో నవాబ్‌గంజ్ ప్రాంతమున తొలిసారి బావినీటిలో ఆర్సెనిక్ కనబడినది. ఈ రెంటి నడుమ, 1992లో, బ్రిటిష్ జియొలాజికల్ సర్వేయే ఆ దేశపు మధ్య, ఈశాన్య భాగములలో కొన్ని బావుల నీటిని పరీక్షించి ఒక చిన్న నివేదిక వ్రాసినది. ఆ నీటి వలన చేపలకు, మనుష్యులకు హాని కలుగునేమో చూచుట ఆ నివేదిక ఉద్దేశములలో ఒకటి. అనేక మూలకములను కొలిచిరి గాని ఆర్సెనిక్‌ను కొలువలేదు.

ఈ లోపము న్యాయస్థానమునకు ఎక్కినది. బంగ్లాదేశ్ గ్రామీణుడొకడు ఆ సంస్థపై దావా వేయగా, బ్రిటను ప్రభువుల సభ 2006లో దానిని కొట్టివేసినది. నీరు క్షేమకరమని ఆ నివేదిక ఎచ్చటను చెప్పలేదనియు, పరిమితమైన పరిశోధన చేసినవారు ఒక దేశప్రజల కందరికిని బాధ్యులు కాజాలరనియు ఆ సభ భావించినది. న్యాయశాస్త్రరీత్యా అది సరియైన తీర్పే కావచ్చును. విజ్ఞానశాస్త్రరీత్యా మనము గ్రహింపవలసినది వేరొకటి కలదు. పట్టికలో ఒక మూలకపు పేరు లేకున్నచో, చదువరి ఆ మూలకము నీటిలో లేదనియే తలచును. ఏయే మూలకములను వెదకలేదో కూడ వ్రాయుట పరీక్షకుని విధి. 2001 నాటి నివేదిక ఈ లోపమును దిద్దుకొన్నదని చెప్పవలెను. ఆర్సెనిక్‌తోపాటు ఇనుము, మాంగనీసు మున్నగు అనేక మూలకములను అందు కొలిచిరి. మాంగనీసు విషయమున బయటపడిన సంగతి ముఖ్యమైనది: ఆర్సెనిక్ తక్కువగానున్న బావులలో పెక్కింట మాంగనీసు హద్దును మించి యున్నది. ఒక విషము లేదను కారణముచే బావికి మంచిదను ముద్ర వేయరాదని దీనివలన తేలుచున్నది.

బావి నుండి ప్రయోగశాల వరకు

గ్రంథములో మెచ్చదగిన భాగము నమూనాల సేకరణ పద్ధతి. దీనిని అర్థము చేసికొనుటకు భూమి లోపలి రసాయనక్రియ కొంత తెలియవలెను. డెల్టాలోని ఒండ్రు రేణువులపై ఇనుప ఆక్సైడు పలుచని పూతవలె అంటియుండును. ఆ పూత ఆర్సెనిక్‌ను పట్టి యుంచును. ఒండ్రుతో కూడ పూడిపోయిన ఆకులు, వేళ్లు మొదలగు సేంద్రియ పదార్థములను సూక్ష్మజీవులు తినుచు, ముందు నీటిలోని ఆమ్లజనిని, పిదప నైట్రేటును వాడివేయును. అవి అయిపోయిన తరువాత ఇనుప ఆక్సైడు వంతు వచ్చును. ఆక్సైడు కరగి నీటిలో కలియును. దానిని పట్టుకొని యున్న ఆర్సెనిక్ విడివడును. ఇందువలననే ఆర్సెనిక్ గల నీటిలో ఇనుము, బైకార్బనేటు సాధారణముగా ఎక్కువగను, నైట్రేటు, సల్ఫేటు తక్కువగను కనబడును.

ఒకప్పుడు మరియొక సిద్ధాంతము ప్రచారములో నుండెను. వ్యవసాయమునకై నీరు విపరీతముగా తోడుటచే నీటిమట్టము పడిపోయి, గాలి చొరబడి, గంధకముతో కూడిన ఇనుప ఖనిజము ఆమ్లజనితో చర్య జరిపి ఆర్సెనిక్‌ను విడుచుచున్నదని దాని సారాంశము. అదియే నిజమైనచో నీటిలో సల్ఫేటు మెండుగా నుండవలెను. కొలతలు అందుకు విరుద్ధముగా నున్నవి. ఆర్సెనిక్‌ను మాత్రమే కొలిచి యుండినచో ఈ వివాదము తీరెడిది కాదు. తోటి మూలకముల కొలతలే సాక్ష్యము చెప్పినవి.

ఇప్పుడు ఆ నీరు చేతిపంపు ద్వారా వెలుపలికి వచ్చినదనుకొనుడు. లోపల ఆమ్లజని లేదు. వెలుపల గాలి నిండ ఆమ్లజనియే. కరగియున్న ఇనుము గాలి సోకిన కొంతసేపటికే తుప్పువలె ఎర్రని మడ్డియై అడుగునకు చేరును. ఆ మడ్డి ఆర్సెనిక్‌ను మరల పట్టుకొనును. నమూనాను సీసాలో నింపి, ఏమియు కలుపక వారముల తరబడి ఉంచి, పైనున్న తేటనీటిని కొలిచినచో ఏమగును? బావిలోనున్న ఆర్సెనిక్‌లో కొంత అడుగుననే నిలిచిపోయి, అంకె తక్కువ వచ్చును. ప్రమాదకరమైన బావి క్షేమకరముగా కనబడును. కావుననే బావివద్దనే నీటిని అతిసన్నని రంధ్రములు గల పొరద్వారా వడపోసి, వెంటనే శుద్ధమైన ఆమ్లము చేర్చవలెను. ఆమ్లము ఉన్నంతవరకు ఇనుము మడ్డిగా దిగదు. వడపోతకు వాడు పొరల రంధ్రములు సాధారణముగా 0.45 మైక్రోమీటరు.

ఈ 0.45 అను అంకె ప్రకృతి గీసిన గీత కాదని విద్యార్థులు గుర్తింపవలెను. అంతకంటె చిన్నవైన ఇనుపరేణువులు పొరనుండి జారిపోయి "కరగినవి" అను లెక్కలోనికి వచ్చును. పొర సగము పూడుకొన్న తరువాత రంధ్రములు చిన్నవై, మొదట జారిన రేణువులే పిమ్మట ఆగిపోవును. ఒకే బావినీటిని వడపోసినను మొదటి సీసాలోని ఇనుము, ఆఖరి సీసాలోని ఇనుము సమానముగా నుండకపోవచ్చును. "కరగిన లోహము" అను మాటకు అర్థము వడపోత పొరయే నిర్ణయించుచున్నదన్నమాట.

నదులయందు దోషము తలక్రిందులగును

బావినీటిలో ఆర్సెనిక్ విషయమున ముఖ్యమైన భయము నష్టము. నదీజలములలో సీసము, కాడ్మియము, రాగి, జింకు కొలుచునపుడు భయము దీనికి వ్యతిరేకము: వెలుపలినుండి లోహము వచ్చి చేరుట. శుద్ధమైన నదులలో కరగిన సీసము లీటరుకు ఒక మైక్రోగ్రాములో పదవవంతునకంటె తక్కువ ఉండవచ్చును. ఒక లెక్క చూడుడు. 100 మిల్లీలీటర్ల నమూనాకు 1 మిల్లీలీటరు ఆమ్లము చేర్చితిమి. ఆ ఆమ్లములో లీటరుకు 100 మైక్రోగ్రాముల సీసము మలినముగా నున్నదనుకొనుడు. చేరిన సీసము 0.1 మైక్రోగ్రాము, నమూనాలో అది లీటరుకు దాదాపు 1 మైక్రోగ్రాము అగును. నదిలో నిజముగా నున్నదానికి పదిరెట్లు మన చేతినుండియే వచ్చినది. పడవ రంగు, చేతి చెమట, సీసామూత, గాలిలోని ధూళి, అన్నియు ఇట్లే చేయగలవు.

ఇది ఊహ కాదు. అమెరికా భూగర్భ పరిశోధనసంస్థ 1970లలో నదులపై నెలకొల్పిన పరీక్షాకేంద్రముల అంకెలను ఆధారము చేసికొని, 1987లో ముగ్గురు శాస్త్రజ్ఞులు ఆ దేశపు నదులలో సీసము తగ్గుచున్నదనియు, ఆర్సెనిక్, కాడ్మియము పెరుగుచున్నవనియు ప్రకటించిరి. 1991లో విండమ్ అను శాస్త్రజ్ఞుడు, అతని సహచరులు తూర్పుతీరపు నదులనుండి అతిశుభ్రమైన పద్ధతులతో నమూనాలు తీసి కొలువగా, కరగిన లోహములు ఆ కేంద్రముల అంకెలకంటె చాల తక్కువగా వచ్చినవి. ఏండ్ల తరబడి పేరుకొన్న పట్టికలలో కొంతభాగము నదిని గూర్చి గాక, సీసాలను గూర్చి చెప్పుచుండెనన్నమాట. ఆ సంస్థ తన అంకెలలోని మాలిన్యమును తానే ఒప్పుకొని, 1994లో క్రొత్త పద్ధతిని ప్రకటించినది. ఒకరు మురికి పనులన్నియు చేయుట, రెండవవారు సీసాను మాత్రమే ముట్టుట, ప్రతి సేకరణలోను శుద్ధజలముతో ఒక శూన్యనమూనా తీయుట నేడు పరిపాటి. శూన్యనమూనా ఫలితములు లేని సూక్ష్మలోహ పట్టిక సాక్షిలేని వాఙ్మూలము వంటిది.

నదికిని బావికిని గల సంబంధము మేఘనా నదివద్ద చక్కగా కనబడును. ఎండకాలమున నది తగ్గినపుడు ఒడ్డులోని భూగర్భజలము నదిలోనికి ఊరును. వర్షాకాలమున నది పొంగి ఒడ్డులోనికి చొచ్చును. ఆర్సెనిక్ గల నీరు ఎండ్లకొలది నదిలోనికి ఊరుచున్నపుడు నదీజలము కూడ విషపూరితము కావలెను గదా. అట్లు కాలేదు. ఒడ్డున గాలి తగులుచోట ఇనుము మరల ఆక్సైడుగా మారి, ఆర్సెనిక్‌ను పట్టి మట్టిలోనే నిలుపుచున్నది. 2009లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో మేఘనా ఒడ్డుమట్టియందు ఇట్టి నిల్వలు కనబడినవి. ఈ నిల్వ ఒడ్డు పొడవున సమానముగా లేదని తరువాతి పరిశోధనలు సూచించినవి. సీసాలో జరుగునది ఒడ్డున కూడ జరుగుచున్నదని విద్యార్థులు గమనింతురు గాక. నదిని మాత్రమే కొలిచినవాడు ఈ దేశమున ఆర్సెనిక్ సమస్యయే లేదనును. బావిని మాత్రమే కొలిచినవాడు అది నదిని చేరుచున్నదనును. ఒడ్డున వరుసగా, వేర్వేరు లోతులలో, వేర్వేరు ఋతువులలో కొలిచిననే నిజము తెలియును. మన గ్రంథము పేరునకు తగినట్లు భూగర్భజలములకే ప్రాధాన్యమిచ్చినది. నదితో గల ఈ సంబంధమునకై చదువరి ఇతర రచనలను చూడక తప్పదు.

పటమును చదువుట ఎట్లు?

ఇక గ్రంథముపై నా ముఖ్యమైన ఆక్షేపణ. దేశములోని 64 జిల్లాలలో 61 జిల్లాలనుండి 3534 నమూనాలు తీసిరి. 150 మీటర్లకంటె తక్కువ లోతుగల బావులలో నూటికి 27 లీటరుకు 50 మైక్రోగ్రాములను (ఇది బంగ్లాదేశ్ ప్రమాణము), నూటికి 46 పది మైక్రోగ్రాములను మించినవి. లోతైన బావులలో 50ని మించినవి నూటికి ఒకటి మాత్రమే. ఈ అంకెలనుబట్టి సుమారు మూడున్నర కోట్ల మంది 50ని మించిన నీరు త్రాగుచున్నారని లెక్క వేసిరి. దేశమంతటిని ఒకే పద్ధతితో, ఒకే ప్రమాణముతో పరీక్షించి, అంకెలను అందరికిని అందుబాటులో నుంచుట గొప్ప సేవ. ఎచట బావులు త్రవ్వరాదో, ఎంత లోతున నీరు మంచిదో దీనివలన మొదటిసారి స్పష్టముగా తెలిసినది.

కాని దేశములో గొట్టపుబావులు అరువది లక్షలనుండి కోటి పది లక్షలవరకు కలవని ఆనాటి అంచనా. అనగా రెండుమూడు వేల బావులకు ఒక్క నమూనా; ఇంచుమించు 37 చదరపు కిలోమీటర్లకు ఒకటి. నమూనాల నడుమనున్న ఖాళీలను గణితముతో పూరించి రంగుల పటము గీసిరి. ఎర్రరంగు ప్రాంతములు, నీలిరంగు ప్రాంతములు మెల్లమెల్లగా ఒకదానిలోనొకటి కలిసిపోవుచు చూచుటకు ఎంతో నమ్మకము కలిగించును. గ్రామములో వాస్తవము ఇట్లు లేదు. కొలంబియా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఆరాయిహజార్ ప్రాంతమున సుమారు 21 చదరపు కిలోమీటర్లలో 5000 బావులను ఒక్కొక్కటిగా పరీక్షించి 2002లో ఫలితములు ప్రకటించిరి. సగమునకు మించిన బావులు 50ని దాటినవి. అయినను నూటికి తొంబదిమందికి వంద మీటర్ల లోపుననే మంచిబావి యొకటి కలదు! పటమునుబట్టి ఎర్రప్రాంతమనుకొన్న గ్రామములో, పొరుగింటి బావినీరు తెచ్చుకొన్నచో పెక్కుమందికి ప్రమాదము తగ్గును. నీలిప్రాంతమున నున్న ఒక ఇల్లాలు పటమును నమ్మినచో విషము త్రాగవచ్చును.

ఈ లోపమును సంపాదకులు ఎరుగనివారు కారు. దగ్గరి బావులలోనే ఎంతో తేడా కలదని వారే వ్రాసిరి. మూడు ప్రాంతములను ఎంచి దగ్గరదగ్గరగా పరిశీలించిరి కూడ. కాని హెచ్చరికలు పుటల లోపలను, పటము అందరి కన్నుల ముందును నిలిచినవి. ప్రభుత్వపు కచ్చేరీలలో గోడకెక్కునది పటమే గాని పుట కాదు. సగటు దేశమునకు ఉపయోగించును. మనిషి త్రాగునది ఒక బావినీరు. ఈ రెంటికిని గల భేదమును పటముమీదనే వ్రాసియుండవలసినది.

తరువాత ప్రభుత్వము సుమారు ఏబది లక్షల బావులను క్షేత్రపరీక్షా పెట్టెలతో పరీక్షింపజేసి, 14 లక్షల బావులకు ఎర్రరంగు పూయించినది, క్షేమకరమైనవానికి ఆకుపచ్చ. ఈ పెట్టెలలో నమూనాకు జింకుపొడి, ఆమ్లము చేర్చినపుడు ఆర్సెనిక్ ఆర్సీన్ వాయువుగా మారి, మర్క్యూరిక్ బ్రోమైడు పూసిన కాగితమునకు పసుపునుండి గోధుమవర్ణమువరకు రంగు నిచ్చును. కంటితో రంగు పోల్చుట గనుక 50కి దగ్గరలోనున్న బావుల విషయమున పొరపాటు సులభము. ఒకానొక పెట్టెను 2005లో పరీక్షించి చూడగా నూటికి 88 బావులకు సరియైన తీర్పు వచ్చినది. తప్పులు ముఖ్యముగా 50కిని 100కిని నడుమ, తక్కువ చెప్పుట వలన కలిగినవి. చర్యకు 20 నిమిషములకు బదులు 40 నిమిషములు గడువిచ్చినచో ఈ దోషము తొలగునని కూడ తేలినది. ఇరువది నిమిషముల ఓర్పు ఒక కుటుంబమును రక్షింపగలదు.

దీనినిబట్టి ఖరీదైన యంత్రము అనవసరమనియు తలపరాదు. యంత్రము లేనిదే పెట్టె సరిగా పనిచేయుచున్నదో లేదో చెప్పువారుండరు. 3534 ఖచ్చితమైన కొలతలును, ఏబది లక్షల మోటు కొలతలును ఒకదానికొకటి తోడైనవి. ఏ ఒక్కటియు రెండవదాని పనిని చేయజాలదు.

ఉపాధ్యాయులకు

ఈ గ్రంథమును మొత్తముమీద ఉత్తమమైనదిగా ఎంచవచ్చును. సేకరణలో జాగ్రత్త, తోటి మూలకముల కొలత, అంకెలను దాచకుండుట దీని గుణములు. చాల బావులను ఒక్కసారి మాత్రమే చూచుట, పటము కలిగించు అతివిశ్వాసము, నిపుణులు మాత్రమే చదువగల రచన దీని లోపములు. దీర్ఘకాలము త్రాగినవారికి చర్మముపై మచ్చలు, ఊపిరితిత్తులకు, మూత్రాశయమునకు కాన్సరు కలిగించు విషము విషయమున ఈ చివరి లోపము చిన్నది కాదు.

తెలుగునాట ఫ్లోరైడు కథ మనకు తెలిసినదే. 1937లో నాటి నెల్లూరు జిల్లాలో ఎముకల వ్యాధిని పరిశీలించిన వైద్యులు దానికి మూలము బావినీటిలో నున్నదని గుర్తించిరి. అచటను ఇచటను రోగి ముందు, కొలత తరువాత. ఫ్లోరైడు ఇనుపమడ్డితో అడుగునకు దిగిపోదు గనుక ప్లాస్టిక్ సీసాలో తెచ్చిన నీరు పరీక్షకు చాలును. ఆర్సెనిక్‌కు ఆ సౌలభ్యము లేదు. ప్రతి మూలకమునకు దాని మర్యాద దానికి కలదు.

తరగతిలో ఒక సులభమైన ప్రయోగము చేయవచ్చును. ఇనుము గల చేతిపంపు నీటిని రెండు గాజుగ్లాసులలో పట్టుడు. ఒకదానిలో వెంటనే కొన్ని నిమ్మరసపు చుక్కలు వేయుడు. రెండవదానిని ఊరక ఉంచుడు. మరునాటికి రెండవ గ్లాసు అడుగున ఎర్రని మడ్డి చేరును. మొదటిది తేటగా నుండుటకు అవకాశము ఎక్కువ. అదే నీరు, అదే బావి. కాని పైనీటిని మాత్రమే కొలిచినచో రెండు అంకెలు వచ్చును. ఆ తరువాత ఏదైన నీటి పరీక్ష పట్టికను విద్యార్థుల కిచ్చి ఈ ప్రశ్నలు వేయుడు: నీటిని ఎచట, ఎంత లోతునుండి, ఏ నెలలో తీసిరి? వడపోసిరా? ఆమ్లము ఎప్పుడు చేర్చిరి? శూన్యనమూనాలో ఎంత వచ్చినది? యంత్రము కనుగొనగల కనీస పరిమాణమెంత? ఏయే మూలకములను వెదకలేదు? జవాబు లేని ప్రశ్నలెన్నియో లెక్కించుటకూడ ఒక కొలతయే.